పాలు పట్టడంలో ఇబ్బంది వస్తే తల్లుల గ్రూపుల్లో సాయం పొందడం ఎలా

"పాలు రావట్లేదు, పాప ఒకటే ఏడుపు, ఏం చేయాలో చెప్పండి ప్లీజ్." తొమ్మిది రోజుల పాపను ఒళ్లో పెట్టుకుని, రాత్రి రెండు దాటాక మా చెల్లెలు ఒక తల్లుల గ్రూపులో పెట్టిన సందేశం ఇది. తెల్లవారేసరికి నలభైకి పైగా జవాబులు వచ్చాయి. మెంతులు నానబెట్టి తాగమని కొందరు, ఫలానా కంపెనీ పొడి తెప్పించుకోమని కొందరు, బిడ్డను ఏడిపించకుండా డబ్బా పాలు మొదలుపెట్టమని ఇంకొందరు రాశారు. ఒక్కరు మాత్రం సలహా ఇవ్వకుండా ఒక ప్రశ్న అడిగారు: "పాప రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తోంది? పుట్టినప్పుడు బరువెంత, ఇప్పుడెంత?" లెక్క చూసుకుంటే గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఏడు గుడ్డలు తడిసి ఉన్నాయి, బరువు కూడా పుట్టినప్పటి బరువును అందుకుంది. అంటే పాలు చాలుతున్నాయి. లోపం ఉన్నదల్లా బిడ్డను రొమ్ముకు పట్టించే తీరులో. ఆ నలభై జవాబుల్లో నిజమైన సాయం ఆ ఒక్క ప్రశ్నే. అలాంటి మనిషి ఉన్న చోటును ముందుగా కనిపెట్టుకోవడం, ఆ మనిషి సాయం చేయగలిగేలా అడగడం, వచ్చిన జవాబుల్లో దేన్ని పాటించాలో తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కాన్పుకు ముందే చేరండి

బాలింతగా ఉన్న మొదటి వారంలో కొత్త గ్రూపు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. అందువల్ల ఏడో నెల లేదా ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడే ఒకటి రెండు చోట్ల చేరి, పదిహేను రోజుల పాటు ఏమీ రాయకుండా చదవండి. ముందుగా మీరు కాన్పుకు వెళ్లబోయే ఆసుపత్రిలో తల్లులకోసం వాట్సాప్ గ్రూపు ఉందేమో, పాలు పట్టించడంలో శిక్షణ పొందిన నర్సు గాని కౌన్సెలర్ గాని ఉన్నారేమో అడగండి. అలాంటివారు ఉంటే అంతకు మించిన చోటు లేదు, ఎందుకంటే అవసరమైతే వాళ్లు బిడ్డను కళ్లారా చూడగలరు. ఆ తరువాత ఫేస్‌బుక్‌లో బ్రెస్ట్‌ఫీడింగ్ సపోర్ట్ ఫర్ ఇండియన్ మదర్స్ వంటి పెద్ద ప్రైవేటు గ్రూపులను చూడండి. 1956లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఏడుగురు తల్లులు కలిసి ప్రారంభించిన లా లేచే లీగ్ ఇప్పుడు అనేక దేశాల్లో తల్లుల సమావేశాలు నడుపుతోంది; వాటిలో కొన్ని ఆన్‌లైన్‌లో కూడా జరుగుతాయి. మన దేశంలో 1991లో ఏర్పడిన బీపీఎన్ఐ, అంటే బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా, కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ. తెలుగులో మాట్లాడుకునే చిన్న వాట్సాప్ గ్రూపులు మాత్రం పరిచయస్తుల ద్వారానే దొరుకుతాయి కాబట్టి, ఈమధ్య కాన్పయిన బంధువులను, కాలనీలోని తల్లులను అడగండి.

చదివే ఆ పదిహేను రోజుల్లో గమనించవలసింది ఏమిటంటే, గ్రూపు నిర్వాహకులు ప్రశ్నలకు ప్రశ్నలతో జవాబు ఇస్తున్నారా, ఎవరైనా మందుల పేర్లు, మోతాదులు రాస్తే తీసేస్తున్నారా, ప్రమాద లక్షణాలు కనిపించినప్పుడు "ఇక్కడ ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి" అని గట్టిగా చెబుతున్నారా అన్నది. ఇవి మూడూ ఉన్న గ్రూపులో నిశ్చింతగా ఉండవచ్చు.

రెండు రకాల గ్రూపుల నుంచి వెంటనే బయటికి వచ్చేయమని నా సలహా. మొదటిది, పాలపొడి, పాలసీసా, పిల్లల ఆహారం అమ్మేవాళ్లు తల్లుల వేషంలో తిరిగేది. మన దేశంలో 1992లో చేసి 2003లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు ఉద్దేశించిన పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం, ఉచితంగా నమూనాలు పంచడం నేరం. "మా బాబుకు ఈ డబ్బా బాగా పడింది, కూపన్ కావాలంటే మెసేజ్ చేయండి" అని ఎవరైనా రాసి, నిర్వాహకులు చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ గ్రూపు ఎవరి మేలు కోసం నడుస్తోందో మీకే తెలుస్తుంది. రెండోది, అవసరం కొద్దీ డబ్బా పాలు పట్టిన తల్లిని చిన్నబుచ్చే గ్రూపు. వైద్యుల మాట మీద కొన్నాళ్లు పైపాలు పట్టవలసి రావడం తప్పు కాదు, అందులో తల్లి ఓటమి ఏమీ లేదు. ఆమెను ఏడిపించేచోట సాయం పుట్టదు.

అడిగే ముందు లెక్క రాసుకోండి

"పాలు చాలడం లేదు" అన్న మాట బాలింత నోటి నుంచి వచ్చినంతగా మరే మాటా రాదు. బిడ్డ ఏడ్చినా, రొమ్ములు మెత్తబడినా, పిండితే నాలుగు చుక్కలే వచ్చినా ఆ అనుమానమే కలుగుతుంది. ఈ మూడూ పాలు తక్కువని చెప్పే గుర్తులు కావు. మొదటి వారాలు గడిచాక రొమ్ములు మెత్తబడడం సహజం; చేత్తో గాని పంపుతో గాని తీసినప్పుడు వచ్చే పాలు, బిడ్డ చప్పరించి తాగే పాలంత ఉండవు; సాయంత్రం పూట గంటకోసారి పాలకోసం ఏడవడం చాలామంది పసిపిల్లలు చేసే పనే. పాలు చాలుతున్నాయో లేదో చెప్పేవి మూత్రం, మలం, బరువు.

కాబట్టి మంచం పక్కన ఒక పాత నోటుపుస్తకం, పెన్ను పెట్టుకోండి. పాలు పట్టిన ప్రతిసారీ సమయం రాయండి. గుడ్డ తడిసినప్పుడల్లా ఒక గీత గీయండి. డైపర్ వేస్తే ఎన్నిసార్లు తడిసిందో తెలియదు, అందుకని మొదటి పది రోజులు పగటిపూటైనా పొత్తిగుడ్డలే వాడమని నా మాట. పుట్టిన తొలి రోజుల్లో మూత్రం ఒకటి రెండు సార్లతో మొదలై రోజురోజుకూ పెరుగుతూ, ఐదు రోజులు నిండాక 24 గంటల్లో 6 సార్లకు తగ్గకుండా ఉండాలి. మలం మొదట నల్లగా, జిగటగా ఉండి, తరువాత ఆకుపచ్చగా మారి, నాలుగైదు రోజులకు పసుపు రంగుకు రావాలి. మొదటి రోజుల్లో బిడ్డ కొంత బరువు తగ్గడం మామూలే. పుట్టిన బరువులో 10 శాతం దాకా తగ్గితే మాత్రం వైద్యులు చూడాలి. రెండు వారాలు వచ్చేసరికి పుట్టినప్పటి బరువును మళ్లీ అందుకోవాలి. అటుపైన మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. పాలు పట్టడం 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు ఉంటుంది.

బరువు ఎక్కడ చూపించాలన్న సందేహం వద్దు. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్నది ప్రభుత్వ నియమం. ఆమె సంచిలో తూకం ఉంటుంది. పురిటికి పుట్టింటికి వెళ్లినవారి పేరు ఆ ఊరి ఆశా దగ్గర ఉండకపోవచ్చు కాబట్టి, మీ అమ్మగారిచేత ముందుగానే కబురు పంపించండి.

సందేశం ఇలా రాయండి

జవాబు ఎంత బాగుంటుందన్నది మీ ప్రశ్నలో ఎంత వివరం ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఏం చెప్పాలో తోచకపోతే ఈ నమూనాలో మీ అంకెలు వేసుకోండి:

"బాబుకు 9 రోజులు. 38 వారాలకు సిజేరియన్. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు, నిన్న 2 కిలోల 780 గ్రాములు. నిన్న ఉదయం నుంచి ఈ ఉదయం దాకా 10 సార్లు పాలు పట్టాను. 6 సార్లు మూత్రం, 3 సార్లు పసుపు రంగు మలం. ఎడమవైపు పట్టినప్పటి నుంచి వదిలేదాకా నొప్పి ఉంటోంది, వదిలాక చనుమొన ఒక పక్కకు నొక్కినట్టు కనబడుతోంది. నీళ్లు, పైపాలు ఏవీ పట్టలేదు. ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టి పడుతున్నాను. జ్వరం లేదు. పట్టు సరిచేసుకోవడం ఎలాగో కావాలి."

ఈ కొద్ది వాక్యాలు చదివితే, తెలిసినవారికి బిడ్డ ప్రమాదంలో లేడనీ, బరువు ఇంకా పుంజుకోవాలి కాబట్టి రెండు మూడు రోజుల్లో మళ్లీ తూచాలనీ, అసలు సమస్య పట్టులో ఉందనీ వెంటనే అర్థమవుతుంది. పాలు రావడం లేదని మాత్రమే రాసి ఉంటే ఈ మూడింటిలో ఏదీ తెలిసేది కాదు. టైపు చేయడం కష్టంగా ఉంటే తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టండి, లేదా ఈ పని భర్తకు అప్పగించండి. నోటుపుస్తకంలోని అంకెలు చూసి ఆయన రాయగలరు.

పట్టు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తొలివారాల్లో వచ్చే నొప్పికి, చనుమొనల పగుళ్లకు, బిడ్డ కడుపు నిండకపోవడానికి చాలావరకు మూలం అక్కడే ఉంటుంది. చనుమొనను మాత్రమే నోట్లో పెట్టకూడదు. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనేలా, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా దగ్గరికి తీసుకుని, చనుమొనతో పైపెదవిని తాకిస్తే, ఆవలించినట్టు నోరు పెద్దగా తెరుస్తుంది. ఆ క్షణంలో రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకుండా, బిడ్డనే రొమ్ము దగ్గరికి తీసుకోవాలి. పట్టు కుదిరితే గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి మడత పడి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం కింద కంటే పైన ఎక్కువగా కనిపిస్తుంది, చప్పరింపు మధ్యలో గుటక వేసిన శబ్దం వినిపిస్తుంది. సిజేరియన్ అయినవారికి కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద దిండు మీద పెట్టి పట్టడం సుఖంగా ఉంటుంది. నొప్పి తగ్గకపోతే చిటికెన వేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి, మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించాలి. ఓర్చుకుంటే అదే తగ్గుతుందని ఊరుకోకండి.

వచ్చిన జవాబులను జల్లెడ పట్టండి

తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, మెంతులు వేసిన వంటలు మన ఇళ్లలో తరతరాలుగా బాలింతకు పెడుతున్నవే. అన్నంలో తినే మోతాదులో అవి హాని చేయవు, ఆమె ఒంటికి బలమే. అయితే పాలు పెరిగేది రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ. బిడ్డ ఎన్నిసార్లు, ఎంత బాగా తాగితే శరీరం అంత తయారుచేస్తుంది. కాబట్టి "ఇది తింటే పాలు పడతాయి" అన్న సలహాను భోజనంగా తీసుకోండి, వైద్యంగా తీసుకోకండి. మెంతులను మందులాగా ఎక్కువ మోతాదులో వాడాలనుకుంటే, ముఖ్యంగా షుగరు, థైరాయిడ్ ఉన్నవారు, వైద్యులను అడిగి తీరాలి. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు తగ్గించమనే సలహాను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి, దాహమేసినప్పుడల్లా తాగాలి.

పాలు పెరిగే మాత్రల పేర్లు ఎవరైనా రాస్తే ఆ మాటను అక్కడే వదిలేయండి. ఇందుకోసం తరచుగా వినిపించే డోంపెరిడోన్ గుండె లయ మీద ప్రభావం చూపే ప్రమాదం ఉన్నందువల్ల, పాలకోసం దాన్ని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరించింది. మీకు అది అవసరమా కాదా అన్నది మీ ఆరోగ్యం తెలిసిన వైద్యులే నిర్ణయించాలి. మరోవైపు, జలుబుకో దగ్గుకో మందు వాడవలసి వచ్చినప్పుడు పాలు ఆపేయమని తొందరపడి చెప్పేవారూ ఉంటారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఉచితంగా అందుబాటులో ఉంచిన లాక్ట్‌మెడ్‌లో ఏ మందు పాలలోకి ఎంత చేరుతుందో చూడవచ్చు. ఆ పేజీని మీ డాక్టరుకు చూపించి మాట్లాడండి.

రొమ్ములో పాలు గడ్డకట్టి, ఎర్రబడి, జ్వరం వస్తే గట్టిగా పిసికి కరిగించమని, పంపుతో పూర్తిగా ఖాళీ చేయమని పాత సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే వైద్యుల సంస్థ 2022లో సవరించిన మార్గదర్శకాలు ఇందుకు భిన్నంగా చెబుతున్నాయి: గట్టిగా మర్దన చేస్తే వాపు పెరుగుతుంది, చల్లని గుడ్డ వేస్తే ఉపశమనం ఉంటుంది, బిడ్డ మామూలుగా తాగేంత మేరకే పట్టాలి. ఒక రోజులో జ్వరం తగ్గకపోతే వైద్యులను కలవాలి.

ఇక తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, వస, గ్రైప్ వాటర్ గురించి ఎవరేం చెప్పినా ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు, డాక్టరు రాసిన మందులు తప్ప బిడ్డకు ఏమీ అక్కర్లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మే నెల ఎండల్లో కూడా విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు రాయకూడదు, అందులో ఉండగల సూక్ష్మక్రిముల వల్ల పసివాళ్లకు ప్రాణాపాయం కలుగుతుంది.

పైపాలు గాని పిండిన పాలు గాని పట్టవలసి వస్తే మన ఇళ్లలో ఉండే ఉగ్గుగిన్నెకు సాటి వచ్చేది లేదు. బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె మూతిని కింది పెదవికి ఆనించి, ఒంపకుండా ఆగితే బిడ్డే నాలుకతో అందుకుంటుంది. మరిగించి కడగడం సులువు, సీసా పీకకు అలవాటు పడి రొమ్ము వదిలేసే బెడదా ఉండదు.

"నా దగ్గర పాలు ఎక్కువగా ఉన్నాయి, పంపుతాను" అని గ్రూపులో ఎవరైనా మంచి మనసుతో అన్నా తీసుకోకండి. దాత రక్తపరీక్షలు జరగని, వేడిచేసి శుద్ధిచేయని పాలు నెలలు నిండని బిడ్డకు ప్రమాదం. ఆ అవసరం ఉన్న బిడ్డకోసం పాల బ్యాంకులు ఉన్నాయి. అక్కడ దాతను పరీక్షించి, పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి శుద్ధిచేస్తారు. హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రిలో అలాంటి బ్యాంకు ఉంది. తల్లిపాలను అమ్మడం, కొనడం కూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 మే నెలలో స్పష్టంగా ప్రకటించింది.

గ్రూపును అడగకూడని వేళలు

బిడ్డ లేపినా లేవక పాలు తాగకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, మాడు లోపలికి పోవడం, ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకుమించి కాలడం లేదా చల్లబడడం, కామెర్ల పచ్చదనం అరచేతులకు, అరికాళ్లకు పాకడం, ఊపిరి నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువగా తీయడం, ఫిట్స్ రావడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోను తీసేది 108కి పిలవడానికే. జవాబుకోసం ఎదురుచూసే పది నిమిషాలు కూడా వద్దు.

తల్లి సంగతి కూడా అంతే. రోజంతా ఏడుపు రావడం, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోవడం, నిద్ర పట్టే అవకాశం ఉన్నా పట్టకపోవడం రెండు వారాలకు మించి ఉంటే వైద్యులను కలవండి. చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేస్తాననో ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, పక్కనున్నవారికి వెంటనే చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ బాధను మనసులో పెట్టుకుని పాల గురించి మాత్రమే అడిగే తల్లులను నేను చూశాను. దయచేసి అలా దాచుకోకండి.

గ్రూపు సలహాతో రెండు మూడు రోజుల్లో మార్పు రాకపోతే శిక్షణ పొందినవారిని వెతకండి. ఐబీసీఎల్‌సీ అన్న అక్షరాలు పేరు పక్కన ఉన్నవారు పాలు పట్టించడం మీద అంతర్జాతీయ పరీక్ష రాసి, ఐదేళ్లకోసారి అర్హతను పునరుద్ధరించుకునేవారు. ఆ పేరు నిజంగా జాబితాలో ఉందో లేదో పరీక్ష నిర్వహించే సంస్థ వెబ్‌సైటులోనే వెతికి చూసుకోవచ్చు. వీడియో కాల్‌లో చూపించేటప్పుడు ఫోను పట్టుకోవడానికి ఇంట్లో ఒకరుండాలి, వెలుతురు బిడ్డ మొహం మీద పడాలి, బిడ్డ గడ్డం, పెదవులు పక్కనుంచి కనబడాలి. బిడ్డ నాలుక కింది పొర బిగుసుకుని ఉందన్న అనుమానం వస్తే అది ఫోటోలో తేలేది కాదు, పిల్లల డాక్టరు నోట్లో వేలు పెట్టి చూడాలి.

ఫోటోలు, పరిచయం లేనివారు

పెద్ద గ్రూపులో రొమ్ము ఫోటో, బిడ్డ మొహం, ఆసుపత్రి చీటీ పెట్టకండి. ప్రైవేటు గ్రూపు అన్న మాటకు అర్థం స్క్రీన్‌షాట్ తీయలేరని కాదు. మీరు ప్రశ్న పెట్టిన కాసేపటికి ఎవరైనా విడిగా సందేశం పంపి, డాక్టరునని గాని, నర్సునని గాని చెప్పుకుని ఫోటో అడిగితే పంపవద్దు. ఆ సందేశాన్ని నిర్వాహకులకు చూపించి బ్లాక్ చేయండి. సాయం చేసేవారికి అందరి ముందు జవాబు రాయడానికి అభ్యంతరం ఉండదు.

అమ్మను, అత్తగారిని కలుపుకోండి

గ్రూపులో చెప్పింది ఒకటి, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది మరొకటి అయినప్పుడు మధ్యలో నలిగిపోయేది బాలింతే. "గ్రూపులో ఇలా అన్నారు" అని వాదిస్తే పెద్దవాళ్లకు కష్టం కలుగుతుంది. దానికి బదులు తెలుగులో ఉన్న మంచి వాయిస్ మెసేజ్‌ను, వీడియోను వారి పక్కన కూర్చుని వినిపించండి. ఆశా గాని నర్సు గాని వచ్చినప్పుడు అదే ప్రశ్నను అత్తగారి ఎదుటే అడగండి. తడిసిన గుడ్డల లెక్క వేసే పని ఆమెకే అప్పగిస్తే ఇంకా మంచిది. ఏడో గీత గీసిన నాయనమ్మ ఇక డబ్బా పాల మాట ఎత్తదు.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉండి, అమ్మకు వీసా దొరక్క ఒంటరిగా కాన్పు దాటుతున్న తెలుగు అమ్మాయిలకు ఈ గ్రూపులే పుట్టిల్లు. అయినా అక్కడి సౌకర్యాలను వదులుకోకండి. అమెరికాలో చాలావరకు ఆరోగ్య బీమా పథకాలు పాలు పట్టించే నిపుణుల సలహాకు, పంపుకు విడిగా డబ్బు తీసుకోకుండా చెల్లించాలి. కాన్పుకు ముందే బీమా కంపెనీకి ఫోన్ చేసి అడగండి. ఇంగ్లండులో నేషనల్ బ్రెస్ట్‌ఫీడింగ్ హెల్ప్‌లైన్, ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియన్ బ్రెస్ట్‌ఫీడింగ్ అసోసియేషన్ హెల్ప్‌లైన్ ఉన్నాయి.

ఉద్యోగంలో తిరిగి చేరే నెల వచ్చేసరికి గ్రూపులో అడిగే ప్రశ్నలు మారతాయి. మన దేశ చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవుతో పాటు, బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలకోసం రోజుకు రెండు విరామాలను ఇస్తోంది. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలి. మీలాంటి ఉద్యోగమే చేస్తున్న తల్లి ఆ విరామాలను ఎలా అడిగి పొందిందో, పాలు ఎక్కడ పిండి నిలవ ఉంచిందో గ్రూపులో అడగండి. ఈ విషయంలో డాక్టర్ల కంటే తోటి తల్లులకే ఎక్కువ తెలుసు.

సమస్య తీరాక, మీ పాత ప్రశ్న కిందకే వెళ్లి ఏం చేస్తే తగ్గిందో, ఎన్ని రోజులు పట్టిందో, బరువు ఎంతకు వచ్చిందో రాయండి. మా చెల్లెలు ఇరవై ఒకటో రోజున అలా రాసింది: "చంక కింద పట్టుకోవడం మొదలుపెట్టాక నాలుగు రోజులకు నొప్పి పోయింది. ఇవాళ ఆశా అక్క తూచింది, 3 కిలోల 250 గ్రాములు." ఆ వారంలోనే ఇంకో తల్లి ఆ మాటల కింద తన బిడ్డ బరువు రాసి, చంక కింద దిండు ఎంత ఎత్తు పెట్టుకోవాలని అడిగింది.